మొదటి సిగార్ కొనేముందు: తిరుపతి ఎండలో చూసుకోవాల్సినవి

మొదటి సిగార్ కొనబోయేవాళ్లంతా అడిగేది బ్రాండ్ పేరే. కొహిబా బాగుంటుందా, మాంటెక్రిస్టో బాగుంటుందా అని. తిరుపతిలోనో చిత్తూరులోనో కొనేవాళ్లు ముందు అడగాల్సింది వేరే ఉంది: అంగడివాడు దాన్ని ఎక్కడ పెట్టాడు? గాజు అలమరలో ట్యూబ్‌లైటు కింద, లైటర్ల పక్కన ఎండాకాలమంతా పడి ఉన్న క్యూబా సిగార్ కన్నా, తేమ పెట్టెలో ఉంచిన మామూలు డొమినికన్ సిగార్ ఎంతో నయం. ఎంత ఖరీదు పెట్టినా సిగార్ అంటే ఆకులే. ఎండితే ఒక తీరుగా చెడతాయి, చెమ్మెక్కితే ఇంకో తీరుగా. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఎండలకు మొదటిది జరుగుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ముసురుకు రెండోది.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. పొగ అలవాటు లేనివాళ్లు దీనికోసం కొత్తగా మొదలుపెట్టాల్సిన పనేమీ లేదు. పొగ లోపలికి పీల్చకపోయినా నోటి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు సిగార్‌తో ఉంది. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ ప్యాకెట్ మొత్తానికి సరిపడా పొగాకు ఉండొచ్చు. నికోటిన్ అలవాటు చేసేదే, అది సిగార్‌లో ఉన్నా అంతే. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దగ్గరికి రాకూడదు. 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మడమే నేరం. ఇదంతా తెలిసి, ఎప్పుడో ఒకటి కాల్చి చూద్దామనుకునే పెద్దవాళ్లకే కింది వివరాలు.

చుట్ట వేరు, సిగార్ వేరు

ఊళ్లో ముసలాయన కాల్చే చుట్ట, తిరుచ్చి చెరూట్, హవానా సిగార్, మూడూ చుట్టిన పొగాకే. తేడా అంతా ఆకును ఆరబెట్టి మాగబెట్టే పనిలో ఉంది. సిగార్ ఆకును గాలి ఆడే కొట్టాల్లో, నీడలో వారాల తరబడి వేలాడదీస్తారు. ఆరాక గుట్టలుగా పేర్చి, ఆకు తన వేడికి తానే మాగేట్టు వదులుతారు, మధ్యమధ్య గుట్టను తిరగేస్తారు. ముతక ఘాటు, అమ్మోనియా పోయేది అక్కడే. మాగడం చాలని సిగార్ ముక్కుకు గుచ్చుకుంటుంది, నోరు కొట్టుకుపోతుంది.

మన రాష్ట్రంలో ఒంగోలు వైపు బ్యారన్ కొట్టాల్లో వేడిగాలికి ఆరబెట్టే వర్జీనియా పొగాకు ఈ లెక్కలోకి రాదు. అది సిగరెట్లకు పోతుంది. ఈ సంగతి కాల్చేవాడికి ఎందుకంటే, వర్జీనియా సిగరెట్ పొగకు ఆమ్ల గుణం ఉంటుంది, నికోటిన్ ఎక్కాలంటే ఊపిరితిత్తుల దాకా పీల్చాలి. సిగార్ పొగది క్షార గుణం. నోట్లో ఆపుకున్నా చాలు, బుగ్గల లోపలి పొర గుండానే నికోటిన్ రక్తంలో కలుస్తుంది. సిగరెట్ అలవాటున్న మనిషి ఆ అలవాటు చొప్పునే సిగార్‌ను గుండెల నిండా లాగాడంటే రెండు దారుల్లోనూ ఎక్కుతుంది, కాసేపటికే కళ్లు తిరుగుతాయి. 'నేను రోజుకు ప్యాకెట్ తాగేవాణ్ణి, నాకేమవుతుంది' అనేవాళ్లే ముందు కూలబడేది.

పైకి కనిపించే ఆకును రేపర్ అంటారు. దాని కింద ఆకారం నిలబెట్టే ఆకు బైండర్, లోపల కట్టగా ఉండేది ఫిల్లర్. నోట్లో పెట్టుకునే కొసను మూసి ఉంచే చిన్న ఆకు ముక్క క్యాప్. చెరూట్‌కు ఇది ఉండదు, రెండు కొసలూ తెరిచే ఉంటాయి, అందుకే దానికి కొస కోసే కట్టర్ అక్కర్లేదు. ఫిల్లర్ ఆకులు ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగ్గా ఉంటే లాంగ్ ఫిల్లర్, తరిగిన ముక్కలైతే షార్ట్ ఫిల్లర్. షార్ట్ ఫిల్లర్ వేడిగా, తొందరగా కాలుతుంది, పొడి నాలుక మీదికి వస్తుంది. మొదటి సిగార్ చేత్తో చుట్టిన లాంగ్ ఫిల్లరే కావాలి. క్యూబా పెట్టెల అడుగున 'తోతల్మెంతే ఆ మానో' అన్న ముద్ర ఉంటే పూర్తిగా చేత్తో చేసినదని నమ్మొచ్చు. 'ఎచో ఆ మానో' అని మాత్రమే ఉంటే సగం పని మెషిన్‌ది కావచ్చు.

సైజు, ఘాటు, రంగు

సిగార్ పొడుగును అంగుళాల్లో, లావును రింగ్ గేజ్‌లో చెబుతారు. 64 గేజ్ అంటే సరిగ్గా ఒక అంగుళం మందం. 50 గేజ్ అంటే అంగుళంలో 64 వంతులకు 50 వంతులు, దాదాపు 20 మిల్లీమీటర్లు. 42 గేజ్ 17 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. రోబుస్టో సుమారు 5 అంగుళాలు, 50 గేజ్. ముప్పావు గంట నుంచి గంట కాలుతుంది. పెటిట్ కరోనా 5 అంగుళాల చిల్లర, 42 గేజ్. అరగంట దాటి కొంచెం. చర్చిల్ 7 అంగుళాలు, 47 గేజ్. కొత్తవాళ్లు దాని జోలికి పోకూడదు. గంటన్నర కూర్చోవాలి, చివరి మూడో వంతులో ఘాటు పేరుకుంటుంది, అప్పటికే కడుపు తిప్పడం మొదలవుతుంది.

చాలామంది మొదటిదానికి రోబుస్టో అంటారు. నా ఓటు దానికన్నా పొట్టిగా, 4 అంగుళాలు, 48 నుంచి 50 గేజ్ ఉన్న షార్ట్ రోబుస్టోకు. సన్నవాటిలో ఒక చిక్కుంది: కొత్తవాళ్లు తొందర తొందరగా లాగుతారు, సన్నటి సిగార్ అంతలోనే వేడెక్కి చేదెక్కుతుంది. కొంచెం లావున్నది ఆ తొందరను ఓర్చుకుంటుంది. పొట్టిది కాబట్టి నికోటిన్ మితిమీరక ముందే అయిపోతుంది. 60 గేజ్ లావువి దవడ నొప్పి తప్ప కొత్తవాళ్లకు ఇచ్చేదేమీ లేదు. రేకు డబ్బాలో పది చొప్పున వచ్చే చిన్న సిగరిల్లోలను చూసి 'ఇదే సిగార్' అనుకోవద్దు. అవి ఎక్కువగా మెషిన్ సరుకు, తరుగు పొగాకు. పైగా చేతిలో సిగరెట్ సైజులో ఉండేసరికి తెలియకుండానే లోపలికి పీల్చేస్తాం.

రంగు చూసి ఘాటు అంచనా వేయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. నల్లగా ఉన్న మదూరో రేపర్ ఎక్కువ కాలం, ఎక్కువ వేడిలో మాగినది. దానివల్ల కొంచెం తియ్యదనం, కాఫీ, కోకో వాసన వస్తాయి. ఘాటు వచ్చేది ఎక్కువగా ఫిల్లర్ నుంచి. మొక్క కింది ఆకు వొలాడో, బాగా కాలుతుంది. మధ్య ఆకు సెకో, వాసన ఇస్తుంది. అన్నిటికన్నా పైన ఎండ తగిలే ఆకు లిహేరో, మందంగా, నూనెగా, ఘాటుగా ఉంటుంది. లిహేరో పాలు ఎంతో రేపర్ రంగు చెప్పదు. లేత గోధుమ రంగు రేపర్‌లో దండిగా లిహేరో చుట్టినవీ ఉన్నాయి. కాబట్టి అంగడిలో 'లైట్ కలర్ ఇవ్వండి' అనకుండా 'మైల్డ్ బాడీ, కనెక్టికట్ రేపర్' అని అడగండి. కనెక్టికట్ రకాన్ని అమెరికాలోని కనెక్టికట్ నది లోయలో గుడ్డ పందిళ్ల కింద నీడలో పెంచుతారు. ఈక్వడార్‌లో అయితే మబ్బే ఆ పందిరి పని చేస్తుంది. పలుచగా, మెత్తగా, వెన్న, జీడిపప్పు వాసనతో ఉంటుంది.

బ్రాండ్ పేర్లు కావాలనేవాళ్లకు రెండు మూడు: డొమినికన్ రిపబ్లిక్‌లో చేసే మకనూడో కేఫ్, యాష్టన్ క్లాసిక్, నికరాగువాలో చేసే ఒలీవా కనెక్టికట్ రిజర్వ్. క్యూబాదే కావాలంటే హోయో ద మాంటెరే, హెచ్ ఉప్‌మన్ పేర్లలో తేలికవి దొరుకుతాయి. పార్తగాస్, బొలీవర్ కొన్నాళ్లు ఆగాక. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 1960లో క్యూబా ప్రభుత్వం సిగార్ కర్మాగారాలను జాతీయం చేశాక ఆ కుటుంబాలు కొన్ని డొమినికన్, హోండురాస్ వైపు వెళ్లి పాత పేర్లతోనే పని మొదలుపెట్టాయి. కాబట్టి రోమియో ఇ హూలియెటా, మాంటెక్రిస్టో పేర్లు క్యూబావీ ఉన్నాయి, క్యూబావి కానివీ ఉన్నాయి. 1960 తర్వాత పుట్టిన కొహిబా పేరు సంగతీ అంతే. రెండోవి నకిలీలు కావు, వేరే కంపెనీ సరుకు. క్యూబాదైతే సిగార్ చుట్టూ ఉండే కాగితం పట్టీ (బ్యాండ్) మీద 'హబానా' అని ఉంటుంది.

అంగడిలో చేతికి తీసుకున్నప్పుడు

తిరుపతిలో సిగార్ అమ్మే చోట్లు తక్కువ, సరిగ్గా దాచి అమ్మేవి ఇంకా తక్కువ. చెన్నై 140 కిలోమీటర్లు, బెంగళూరు 250. అక్కడ హ్యూమిడార్, అంటే తేమ పెట్టె, ఉన్న అంగళ్లు ఉన్నాయి. విదేశాల నుంచి వచ్చే బంధువు చేత తెప్పించుకుంటే, సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి 25 సిగార్ల దాకా. ఎక్కడ కొన్నా, డబ్బిచ్చే ముందు ఈ కిందివి చూడండి.

హ్యూమిడార్ లోపలి మీటర్ 65 నుంచి 70 శాతం మధ్య తేమ చూపాలి. మీటర్ లేకపోయినా, ఉన్నది పని చేయకపోయినా, బొటనవేలు చూపుడువేలితో సిగార్‌ను మధ్యలో మెల్లగా నొక్కండి. కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. నొక్కగానే చిటచిటమంటే ఎండిపోయింది. మెత్తగా లొత్తపడి అలాగే ఉండిపోతే చెమ్మెక్కింది. కొస నుంచి కొస దాకా వేళ్లు జరుపుతూ నొక్కితే ఒకచోట గట్టిగా గడ్డ కట్టినట్టుంటే అక్కడ పొగ ఆడదు. ఒకచోట డొల్లగా ఉంటే అక్కడ వేడిగా కాలుతుంది. రేపర్ మీద నూనె మెరుపు సన్నగా ఉండాలి. పేలవంగా, పొలుసులుగా ఉంటే వదిలేయండి. ఈనెలు మరీ లావుగా తేలి ఉంటే ఆ వైపు కాలడం ఆలస్యమవుతుంది. వెలిగించే కొస వైపు చూసినప్పుడు తెల్లగా నూగు కనిపిస్తే బూజు లోపలికి దిగినట్టే, దాన్ని తుడిచి ఇస్తానన్నా తీసుకోవద్దు.

గుండుసూది గుచ్చినట్టు గుండ్రటి చిల్లులు, పక్కన సన్న పొడి కనిపిస్తే పొగాకు పురుగు. ఆ పురుగు గుడ్లు ఆకులోనే ఉంటాయి, 24 డిగ్రీలు దాటిన వేడిలో పొదుగుతాయి. మన దగ్గర ఏసీ లేని గదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు 24 పైనే. అందుకే ఒక్క చిల్లు కనిపించినా ఆ పెట్టెలో మిగిలినవాటినీ కొనకూడదు.

నకిలీల గురించి చెప్పాలంటే, పైన గాజు మూత ఉన్న కొహిబా పెట్టె చూపిస్తే మారుమాట లేకుండా వెనక్కి ఇచ్చేయండి, అలాంటి పెట్టె క్యూబా నుంచి రాదు. భారత్‌లో చట్టబద్ధంగా అమ్మే పెట్టె మీద బొమ్మతో కూడిన ఆరోగ్య హెచ్చరిక 85 శాతం మేర ఉండాలి, దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ ఉండాలి. అవేమీ లేని సరుకు దొంగదారిన వచ్చిందో, ఇక్కడే బ్యాండ్ తగిలించారో, ఏ గోడౌన్‌లో ఎన్నాళ్లు ఉందో కనుక్కునే దారి లేదు. 'దుబాయ్ నుంచి తెచ్చింది అన్నా, సగం ధరకే' అనే మాట వినగానే మొదట ఆ సిగార్‌ను నొక్కి చూడండి. తొంభై పాళ్లు చిటచిటమంటుంది.

వెనిల్లా, చెర్రీ వాసన పట్టించినవి మొదటిసారికి సులువుగా అనిపిస్తాయి. నాకు నచ్చవు. ఆ సెంటు కింద పొగాకు ఎలా ఉందో తెలియదు, పైగా పక్కనున్న సిగార్లన్నిటికీ అదే వాసన అంటుకుంటుంది. కొన్నా వేరే డబ్బాలో పెట్టండి.

ఇంట్లో దాచడం

ఒకటి కొని ఆ సాయంత్రమే కాల్చేట్టయితే ఈ భాగం అక్కర్లేదు. జిప్ కవర్‌లో వేసి చల్లటి చోట పెడితే చాలు. రేణిగుంటలో ఎండకు నిలిపిన కారు డాష్‌బోర్డులో మాత్రం పెట్టొద్దు, గంటలో రేపర్ పగులుతుంది. పైనున్న సెలోఫేన్ కాగితం కాల్చేదాకా తీయనక్కర్లేదు. అల్యూమినియం ట్యూబులో వచ్చిన దానికి ఏ జాగ్రత్తా అక్కర్లేదనుకుంటారు కానీ, ఆ ట్యూబు మూత గాలి ఆపదు.

ఐదారు కొన్నవాళ్లు చెక్క హ్యూమిడార్ కొనక్కర్లేదు. మన వాతావరణంలో చిన్న చెక్కపెట్టె మూత సందుల్లోంచి తేమ అటూ ఇటూ పోతూనే ఉంటుంది. వంటింట్లో వాడే, రబ్బరు అంచు ఉండి గట్టిగా మూసుకునే 2 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా దీనికన్నా మేలు. కొత్త డబ్బా అయి ఉండాలి. ఊరగాయో మసాలానో పెట్టిన డబ్బా ఎంత కడిగినా వాసన విడవదు, సిగార్ ఆ వాసన పీల్చుకుంటుంది. అందులో 65 శాతం అని రాసి ఉన్న, తేమ ఇచ్చి పుచ్చుకునే హ్యుమిడిటీ ప్యాక్ 60 గ్రాములది ఒకటి వేయండి. 25 సిగార్ల దాకా ఆ ఒక్కటి సరిపోతుంది. ప్యాక్ గట్టిపడి గలగలమంటే మార్చాలి. తడి స్పాంజి, తడి గుడ్డ పెట్టేవాళ్లున్నారు, వానాకాలంలో వారం తిరక్కుండా బూజు పడుతుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ వేస్తే ఉన్న తేమ కూడా లాగేస్తుంది. డబ్బాను పూజగదికి, అగరుబత్తి, కర్పూరానికి దూరంగా, నాఫ్తలీన్ ఉండలు లేని బీరువా అడుగున పెట్టండి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో.

డబ్బాలో తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ వేసేట్టయితే ముందు దాన్ని పరీక్షించాలి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేదాకా మాత్రమే నీటి చుక్కలు వేసి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి ఒక రోజు వదిలేయండి. ఉప్పు కరిగి నీళ్లు నిలిస్తే లెక్క తప్పుతుంది. మీటర్ 75 చూపాలి. 71 చూపిస్తే ఇకముందు అది చెప్పే అంకెకు 4 కలుపుకోవడమే.

ఫ్రిజ్‌లో దాచడం కుదరదు, లోపలి గాలి పొడిది, సాంబారు వాసన వేరే. ఫ్రీజర్ పనికొచ్చేది పురుగు గుడ్లను చంపడానికే. రెండు జిప్ కవర్లలో గాలి తీసి మూసి, ఒక రోజు కింది అరలో, మూడు రోజులు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు కింది అరలో, ఆ తర్వాత బయటికి. చివరి రోజు కింది అరలో పెట్టకుండా నేరుగా ఫ్రీజర్ నుంచి బయటికి తీస్తే రేపర్ చీలుతుంది. ఎండాకాలంలో ఇంత తంటా పడే బదులు వారం పది రోజుల్లో కాల్చేవి మాత్రమే కొనడం మంచిది.

ఎండిపోయిన సిగార్ చేతికొస్తే దాన్ని నిదానంగా తేరుకోనివ్వాలి. ఇదే డబ్బాలో రెండు నుంచి నాలుగు వారాలు. తొందరపడి ఎక్కువ తేమ ఇస్తే లోపలి ఫిల్లర్ ఉబ్బి, పైన పలుచగా ఉన్న రేపర్ పగులుతుంది. మెత్తదనం తిరిగి వస్తుంది కానీ, ఎండినప్పుడు పోయిన నూనెలు, వాసన రావు.

కోయడం, వెలిగించడం

ఖాళీ కడుపుతో వద్దు. మధ్యాహ్నమో రాత్రో కడుపు నిండా తిని, అరగంట ముప్పావు గంట ఆగి మొదలుపెట్టండి. రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్నా మంచిదే, ఊరిబిండి కారం నాలుక మీద ఉండగా మాత్రం సిగార్ రుచి తెలియదు. పక్కన నీళ్లు, ఒక బెల్లం ముక్క పెట్టుకోండి. ఫ్యాన్ ఆపేయాలి. ఫ్యాన్ గాలికి ఒక పక్క గబగబా కాలి పడవలాగా వంకర తిరుగుతుంది. మే నెలలో ఫ్యాన్ లేకుండా గంట కూర్చోవడం మన వల్ల కాదు కాబట్టి, గాలి తగ్గిన సాయంత్రం మిద్దె మీద కూర్చోవడమే దారి.

క్యాప్‌ను ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లకు మించి కోయకూడదు. క్యాప్ గీత ఎక్కడ ముగుస్తుందో చూడండి, కోత దానికి పైనే ఉండాలి. గీత దాటితే రేపర్ ఊడి చుట్టలు చుట్టలుగా విడిపోతుంది. రెండు బ్లేడ్ల కట్టర్‌తో ఒక్క ఊపున కోయాలి, భయపడి మెల్లగా నొక్కితే నలుగుతుంది. కట్టర్‌ను బల్ల మీద పడుకోబెట్టి, సిగార్ తలను అందులో నిలబెట్టి కోస్తే లోతు తప్పదు. కత్తెర, పళ్లు వద్దు. కోశాక వెలిగించకుండానే ఒకసారి లాగి చూడండి. స్ట్రాతో పల్చటి మజ్జిగ తాగినంత సులువుగా రావాలి. బిగుతుగా ఉంటే ఇంకో అర మిల్లీమీటరు కోయండి, లేదా రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి. అప్పటికీ రాకపోతే అది చుట్టినవాడి తప్పు, మీరు ఎంత లాగినా తల నొప్పే మిగులుతుంది.

వెలిగించడానికి బ్యూటేన్ గ్యాస్ లైటర్, లేకపోతే అగ్గిపుల్లలు. పెట్రోలు లైటర్, కొవ్వొత్తి, దీపం వద్దు, ఆ వాసన మొదటి పావు వంతు పోదు. అగ్గిపుల్లైతే మందు పూర్తిగా కాలేదాకా రెండు మూడు సెకన్లు ఆగాలి. మంటను సిగార్ కొసకు సెంటీమీటరు దూరంలో ఉంచి, సిగార్‌ను 45 డిగ్రీల వాలులో తిప్పుతూ ఇరవై ముప్పై సెకన్లు కాచండి. ఇంకా నోట్లో పెట్టుకోలేదు. అంచంతా నల్లబడి ఎర్రగా కనిపించాక నోట్లో పెట్టుకుని, మంట అంటకుండా దగ్గరే ఉంచి, తిప్పుతూ మూడు నాలుగు దమ్ములు లాగండి. తీసి, కొస మీద మెల్లగా ఊదితే ఎక్కడ అంటుకోలేదో నల్లటి మచ్చగా కనిపిస్తుంది. అక్కడ మాత్రం మళ్లీ కాచండి.

ఆ తర్వాత నిమిషానికి ఒక దమ్ము. నోట్లోకి తీసుకుని, రెండు మూడు సెకన్లు ఉంచి, వదిలేయడమే, గొంతు దిగకూడదు. నిమిషంలో మూడు నాలుగు లాగితే నిప్పు వేడెక్కి చేదు, అమ్మోనియా వాసన వస్తాయి. అప్పుడు సిగార్ బాగాలేదంటారు, తప్పు తొందరది. మరీ ఆలస్యం చేస్తే ఆరిపోతుంది, అదేమీ నామర్దా కాదు. బూడిద దులిపి, ఒకసారి లోపలి పాత పొగను బయటికి ఊది, మళ్లీ కాచి వెలిగించొచ్చు. గంట దాటితే మాత్రం వదిలేయండి, పాచి కంపు వస్తుంది. బూడిదను సిగరెట్ దులిపినట్టు మాటిమాటికీ కొట్టొద్దు, అంగుళం దాకా నిలవనివ్వండి. అది నిప్పును చల్లగా ఉంచుతుంది. తర్వాత యాష్‌ట్రే అంచుకు ఆనించి తిప్పితే దానంతటదే రాలుతుంది. బ్యాండ్‌ను మొదట్లోనే పీకితే జిగురు పట్టి రేపర్ చిరగొచ్చు. కొంచెం కాలాక వేడికి జిగురు వదులుతుంది, అప్పుడు తీయండి.

ఒక పక్క వెనకబడితే ఆ పక్కను కిందికి తిప్పి పట్టుకోండి, అడుగున గాలి ఎక్కువ తగిలి అది అందుకుంటుంది. అందుకోకపోతే వెనకబడిన అంచుకు లైటర్ చూపించండి. లోపల కాలి పైన రేపర్ అలాగే నిలబడితే సొరంగం పడిందంటారు. రేపర్‌లో చెమ్మ ఎక్కువై ఉంటుంది, లేదా దమ్ముకూ దమ్ముకూ మధ్య మరీ ఎడం ఇచ్చి ఉంటారు. కాలని అంచును కాల్చేసి కొనసాగించండి. మొదటి కొద్ది నిమిషాల్లోనే రేపర్ నిలువునా పగిలితే ఎండిన సరుకని అర్థం, రెండోసారి ఆ అంగడికి పోకపోవడమే దానికి మందు.

చల్లటి చెమట, నోట్లో నీళ్లూరడం, కడుపు తిప్పడం మొదలైతే సిగార్ కింద పెట్టేయండి. 'ఇంత డబ్బు పెట్టాం, ఇంకాస్త' అనుకోవద్దు. గాలి తగిలేట్టు కూర్చుని నీళ్లు తాగి బెల్లం నోట్లో వేసుకుంటే చాలామందికి తేలికవుతుంది. అంతలో లేచి మిద్దె మెట్లు దిగొద్దు, పడతారు. గుండెల్లో నొప్పి, దడ, ఆగని వాంతులు ఉంటే ఆసుపత్రికి పోవాలి. ఏ ఇబ్బందీ లేకపోయినా మొదటిసారి చివరి మూడో వంతు దగ్గర ఆపేయండి. వేడి, తారు, నికోటిన్ అన్నీ అక్కడ చేరి ఉంటాయి. సిగరెట్ నలిపినట్టు నలపొద్దు, కంపు ఇల్లంతా పాకుతుంది. యాష్‌ట్రేలో పెట్టేస్తే అదే ఆరిపోతుంది. చల్లారాక నీళ్లు చల్లి చెత్తలో వేయాలి.

చోటు సంగతి. బహిరంగ స్థలాల్లో పొగతాగడం మీద 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతా నిషేధం ఉంది, 200 రూపాయల దాకా జరిమానా. ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు ఉంటే గదిలో వద్దు, సిగార్ పొగ తెరలను, దుప్పట్లను కూడా పట్టుకుంటుంది. తలకోన, శేషాచలం అడవుల వైపు వెళ్లినప్పుడు వెలిగించే ఆలోచనే పెట్టుకోవద్దు. ఎండాకాలంలో అక్కడి ఎండు గడ్డికి ఒక నిప్పురవ్వ చాలు, రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం కూడా. తిరుమల కొండ మీద ఏ రూపంలోనూ పొగాకు కుదరదు. అలిపిరిలో సామాన్లన్నీ తనిఖీ చేస్తారు, వెలిగించని సిగార్ అయినా బ్యాగులో ఉంటే తీసేసుకుంటారు. దర్శనం టికెట్ ఉన్న రోజు బయల్దేరే ముందు కారు గ్లవ్ బాక్సు, ల్యాప్‌టాప్ బ్యాగు పక్క అర ఒకసారి వెతికి, ఉన్నది తీసి డబ్బాలో పెట్టి వెళ్లండి.